బిలాస్‌పూర్ గొంతు సభా రికార్డులో: మంత్రిపదవి లేని పార్లమెంటు సభ్యుని పని, దాని పరిధి

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఒక ప్యాసింజర్ రైలు రద్దయితే దానిని పునరుద్ధరించే అధికారం నగరపాలక సంస్థకు గాని, రాయ్‌పూర్‌లోని శాసనసభకు గాని లేదు. రైల్వేలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాకు చెందిన అంశం. అందుచేత ఈ పట్టణపు నిత్యజీవితానికి సంబంధించిన ఫిర్యాదులు అనేకం చివరకు లోక్‌సభ సభ్యుని వద్దకే చేరతాయి. ఆ సభ్యుడు మంత్రి గాని, పార్టీలో అగ్రనేత గాని కాకపోతే ఆయనను బ్రిటిష్ సంప్రదాయం ప్రకారం బ్యాక్‌బెంచర్ అని, తెలుగులో వెనుక వరుస సభ్యుడని అంటారు. విధాన నిర్ణయంలో భాగం లేని ఆయన చేతిలో మిగిలేది మాట. ఆ మాట ఏ రూపంలో నమోదైతే ప్రభుత్వం బదులు చెప్పక తప్పదన్నదే ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. నాగ్‌పూర్ నుంచి ఆసన్‌సోల్ వైపు ఆ సంస్థ వేసిన మార్గం 1891 నాటికి పూర్తయింది. దానిపై బిలాస్‌పూర్ ప్రధాన కూడలిగా ఎదిగింది. 1931లో రాయ్‌పూర్-విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకు ఈ ప్రాంతంతో నేరుగా పట్టాల బంధం కుదిరింది. రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. సొంత ప్రాంతపు శుభాశుభాలకు వారు వెళ్లివచ్చే బండ్లలో కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్, బిలాస్‌పూర్-తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి.

స్వాతంత్ర్యానంతరం బిలాస్‌పూర్ 1952లో తూర్పు రైల్వేలోకి, 1955 ఆగస్టు 1న కలకత్తా గార్డెన్ రీచ్ కేంద్రంగా ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలోకి వెళ్లింది. బొగ్గు రవాణాతో అధిక ఆదాయం తెచ్చే తమ డివిజనుకు నిర్ణయాధికారం ఎక్కడో కలకత్తాలో ఉండటమేమిటన్నది ఇక్కడి ప్రజల వాదన. ప్రత్యేక జోన్ కోరుతూ 1996 జనవరిలో సాగిన ఆందోళన హింసాత్మకమైంది, రైల్వే ఆస్తులు దగ్ధమయ్యాయి. అదే ఏడాది కేంద్రం ఆరు కొత్త జోన్లకు ఆమోదం తెలిపింది. వాటిలో నాటి రైల్వే మంత్రి రాంవిలాస్ పాశ్వాన్ నియోజకవర్గమైన హాజీపూర్ ఉంది, బిలాస్‌పూర్ లేదు. మంత్రి ఊరికీ వెనుక వరుస సభ్యుని ఊరికీ ఉన్న అంతరాన్ని ఇంతకంటే విప్పి చెప్పనక్కరలేదు. ఏడో జోన్‌గా బిలాస్‌పూర్ పేరు 1998లో చేరింది. ఆగ్నేయ మధ్య రైల్వే 2003 ఏప్రిల్ 1 నుంచి బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ డివిజన్లతో పనిచేయసాగింది.

ఈ నియోజకవర్గ ప్రతినిధులలో సుదీర్ఘ చరిత్ర రేశమ్‌లాల్ జాంగ్డేది. సత్నామీ సమాజానికి చెందిన ఆయన తాత్కాలిక పార్లమెంటులోను, మొదటి, రెండో లోక్‌సభల్లోను కాంగ్రెస్ సభ్యునిగా కూర్చున్నారు. దాదాపు మూడు దశాబ్దాల తరవాత 1989లో భారతీయ జనతా పార్టీ అభ్యర్థిగా బిలాస్‌పూర్ నుంచే తిరిగి లోక్‌సభకు వచ్చారు. పార్లమెంటు షష్టిపూర్తి సందర్భంగా 2012 మే 13న జరిగిన ప్రత్యేక సమావేశంలో, మొదటి లోక్‌సభ సభ్యుడైన మణిపూర్ నేత రిషాంగ్ కీషింగ్‌తో పాటు ఆయననూ సత్కరించారు. కేంద్ర మంత్రి పదవి ఎన్నడూ చేపట్టని వ్యక్తికి దక్కిన గౌరవమది. జోన్ సాకారమైన కాలంలో, అంటే 1996 నుంచి వరుసగా నాలుగు ఎన్నికల్లో, పున్నూలాల్ మొహలే గెలిచారు. 2024లో నెగ్గిన తోఖన్ సాహూ కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల సహాయమంత్రి అయ్యారు. ఇందులో ఒక విచిత్రముంది. మంత్రి అయిన సభ్యుడు సభలో సాటి మంత్రిని ప్రశ్న అడగరు, స్థాయీ సంఘాల్లో సభ్యులుగా ఉండరు. ఊరికి మంత్రి దొరికిన రోజున ఊరి తరఫు ప్రశ్న సభాపత్రాల నుంచి మాయమవుతుంది.

ప్రశ్న అనేది ఈ సాధనాల్లో అన్నిటికంటే పాతది, పదునైనది. లోక్‌సభలో ఒక రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. వీటిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేస్తారు. మొదటి రకానికి మంత్రి నోటిమాటగా జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలనూ ఎదుర్కోవాలి. అయితే గంట గడిచేలోగా ఆ ఇరవైలో చాలా ప్రశ్నల వంతు రాదు. రెండో రకానికి లిఖితపూర్వక సమాధానమే వస్తుంది. వీటికి తోడు శూన్యగంట ప్రస్తావనలు, 377వ నిబంధన కింద చదివే చిన్న ప్రకటనలు, పద్దులపై కోత తీర్మానాలు ఉంటాయి. లాంఛనంగా వంద రూపాయలు తగ్గించాలని కోరే కోత తీర్మానం నెగ్గడానికి ఉద్దేశించినది కాదు. ఒక నిర్దిష్టమైన ఫిర్యాదును సభ ముందు ఉంచడమే దాని ప్రయోజనం.

జవాబుల భాష విషయానికి వస్తే కొంచెం ఆగి చదవాలి. కొత్త రైలు గురించో, ఒక స్టేషన్‌లో హాల్టు గురించో అడిగితే రైల్వే శాఖ ఏళ్ల తరబడి ఇంచుమించు ఒకే బదులు ఇస్తోంది: ఇది నిరంతరం సాగే ప్రక్రియ, నిర్వహణపరమైన వీలు, ప్రయాణికుల రద్దీ, వనరుల లభ్యతలకు లోబడి ఉంటుంది. ఈ వాక్యంలో ఎవరూ ఏదీ చేస్తామనడం లేదు. దీనికి భిన్నంగా, విషయం పరిశీలనలో ఉందనో, సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతామనో మంత్రి అంటే అది సాంకేతికంగా హామీ అవుతుంది. అటువంటి పదబంధాల ప్రామాణిక జాబితా ఉంది. సభా చర్చల నుంచి వాటిని ఏరి తీస్తారు, మూడు నెలల్లో నెరవేర్చాలన్నది నియమం. 1953లో ఏర్పడిన లోక్‌సభ ప్రభుత్వ హామీల కమిటీ వాటి అమలును వెంటాడుతుంది, గడువు పొడిగింపు కావాలంటే శాఖ ఆ కమిటీనే అడగాలి. వార్తల్లో మనం ఈ రెండు రకాల జవాబులనూ "పరిశీలిస్తామన్న మంత్రి" అనే ఒకే శీర్షిక కింద పెట్టేస్తుంటాం. ఒకటి తలుపు మూయడం, రెండోది తలుపు సందులో సభ్యునికి కాలు పెట్టనివ్వడం. అనుభవం గల సభ్యుడు రెండోదాన్ని రాబట్టే విధంగా ప్రశ్నను కూర్చుకుంటారు.

ఈ క్రియాపదం బరువు ఆంధ్రప్రదేశ్ పాఠకులకు బాగా తెలుసు. 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలు, అవశేష ఆంధ్రప్రదేశ్‌లో కొత్త రైల్వే జోన్ ఏర్పాటును ఆరు నెలల్లో పరిశీలించి సత్వరం నిర్ణయం తీసుకోవాలని రైల్వేలను ఆదేశించింది. జోన్ ఏర్పాటు చేయాలని కాదు, పరిశీలించాలని. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరి 27న వచ్చింది. ప్రధాన కార్యాలయానికి ప్రధాని శంకుస్థాపన చేసింది 2025 జనవరి 8న. ఈ మధ్యకాలంలో ఆంధ్రప్రదేశ్ సభ్యులు ఉభయ సభల్లో ఈ సంగతిని పదేపదే లేవనెత్తుతూ వచ్చారు.

సభలో నిమిషాల లెక్కన దొరికే సమయం స్థాయీ సంఘంలో గంటల లెక్కన దొరుకుతుంది. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో మొదలయ్యాయి. ఇప్పుడవి 24. ఒక్కొక్క దానిలో 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ సభ్యులు ఉంటారు. తలుపులు మూసి జరిగే సమావేశాల్లో రైల్వే బోర్డు ఉన్నతాధికారులు సాక్షులుగా సభ్యుల ఎదుట కూర్చుంటారు. అక్కడికక్కడ జవాబు లేకపోతే రాతపూర్వకంగా పంపాలి. కెమెరాలు లేవు, విప్ లేదు కనుక పార్టీ గీతలు కొంత చెరుగుతాయి. సిఫారసులు ప్రభుత్వాన్ని కట్టిపడేయవు. కానీ తీసుకున్న చర్యలపై మళ్లీ నివేదిక వెలువడుతుంది. ఏది అంగీకరించారు, ఏ జవాబుతో సంఘం తృప్తి చెందలేదు, ఏది ఇంకా పెండింగులో ఉందన్నది అందులో అధ్యాయాలుగా విడదీసి ఉంటుంది.

ఈ పనికి జీవితాన్ని ధారపోసిన రైల్వే ప్రాంతపు సభ్యుడొకరు వాసుదేవ్ ఆచార్య. బిలాస్‌పూర్ ఒకప్పుడు ఉన్న ఆగ్నేయ రైల్వేలోనే మరో డివిజన్ కేంద్రమైన ఆద్రా ప్రాంతం నుంచి వచ్చిన ఈ సీపీఎం నేత, 1980 నుంచి 2014 వరకు బంకురా నుంచి తొమ్మిదిసార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఒక్కసారీ మంత్రి కాలేదు. రైల్వే స్థాయీ సంఘానికి, తరవాత వ్యవసాయ స్థాయీ సంఘానికి అధ్యక్షత వహించారు. జన్యుమార్పిడి ఆహార పంటల క్షేత్ర ప్రయోగాలను నిలిపివేయాలన్న 2012 నాటి నివేదిక ఆయన అధ్యక్షతన ఏకగ్రీవంగా వెలువడినదే. ఆయన 2023 నవంబరు 13న హైదరాబాద్‌లో కన్నుమూశారు.

సంఘం నివేదికకు న్యాయస్థానంలో విలువ ఎంత అన్న వివాదం తెలుగు నేల నుంచే పైకి వెళ్లింది. నాటి ఖమ్మం జిల్లాలోను, గుజరాత్‌లోని వడోదరలోను బాలికలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చిన పథకాన్ని ఆరోగ్య స్థాయీ సంఘం 2013 నివేదికలో తీవ్రంగా తప్పుపట్టింది. ఆ నివేదికను కోర్టులో ఆధారంగా చూపవచ్చా అన్న ప్రశ్నపై, కల్పనా మెహతా కేసులో 2018 మే 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. నివేదికను కోర్టులు పరిగణనలోకి తీసుకోవచ్చు, దాని చెల్లుబాటును మాత్రం ప్రశ్నించరాదు. మూసిన గదిలో ఒక సాధారణ సభ్యుడు అధికారిని అడిగిన మాటకు ఇంత దూరం ప్రయాణించే అవకాశం ఏర్పడింది.

బిలాస్‌పూర్‌కు ఈ సంఘాల ప్రాముఖ్యం 2017 తరవాత మరింత పెరిగింది. 1924 నుంచి విడిగా వస్తున్న రైల్వే బడ్జెట్‌ను ఆ ఏడాది సాధారణ బడ్జెట్‌లో కలిపివేశారు. దానితో రైల్వే మంత్రి ప్రసంగం, కొత్త రైళ్ల కోసం సభ్యులు ఎదురుచూసే ఆ ఒక్క రోజు పోయాయి. 2022 వేసవిలో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు చేరవేతకు ప్రాధాన్యమిస్తూ ఈ జోన్‌లో ప్రయాణికుల రైళ్లను పెద్దసంఖ్యలో రద్దు చేసినప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో నిరసన వ్యక్తమైంది. ఏ గూడ్సు కోసం ఏ ప్యాసింజర్ ఆగింది, ఎన్ని రోజులు ఆగింది అన్న లెక్క వీధి నిరసనతో బయటికి రాదు. దానికి ప్రశ్న కావాలి, లేదా సంఘం ఎదుట సాక్ష్యం కావాలి.

ఈ మాటలన్నీ ఏ భాషలో మిగులుతాయన్నది చివరి అంశం. రాజ్యాంగం 120వ అధికరణ ప్రకారం హిందీ లేదా ఇంగ్లిష్‌లో భావవ్యక్తీకరణ కష్టమైన సభ్యుడు స్పీకర్ అనుమతితో మాతృభాషలో మాట్లాడవచ్చు. తెలుగు సహా పది ప్రాంతీయ భాషలకు లోక్‌సభలో అమల్లో ఉన్న ఏకకాల అనువాద సదుపాయాన్ని 2025 ఫిబ్రవరిలో మరో ఆరు భాషలకు విస్తరించారు. తెలుగులో చేసిన ప్రసంగం ముద్రిత చర్చల్లో మాత్రం అనువాదంగానే కనిపిస్తుంది. మూలం తెలుగులో పలికినదని తెలిపే చిన్న గమనిక మాత్రం పుట అడుగున ఉంటుంది.