ఓడలు వెళ్ళిపోయాక వచ్చిన జనం

విజయనగరం ఊరికి సముద్రం లేదు గానీ సముద్రానికి దారి ఉంది. పద్మనాభం మీదుగా గోస్తనీ నది వైపు దిగితే పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా భీమునిపట్నం, అదే మన భీమిలి, వస్తుంది. ఆదివారం భోజనాలయ్యాక ఆ రోడ్డు పక్కన నిలబడి చూడండి. బండి మీద ముందొక పిల్లాడు, వెనక భార్య, ఆమె ఒళ్ళో ఇంకో పిల్ల, హ్యాండిల్‌కి తగిలించిన సంచిలో తువ్వాళ్ళూ పులిహోరా. ఆర్టీసీ బస్సులో కాలు పెట్టే చోటుండదు. పొద్దు వాలేసరికి ఆ జనమంతా భీమిలి ఇసకలో ఉంటారు. మురీ మిక్చర్, ముంత మసాలా, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, అల వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు.

వాళ్ళు కూర్చున్న చోట నూటయాభై ఏళ్ళ కిందట సరుకు ఎక్కేది, దిగేది. గోగునార బేళ్ళు, నువ్వుల బస్తాలు, వలిసెలు, కరక్కాయలు, పసుపు, బెల్లం. పని లేనివాడికి అక్కడ నిలబడే చోటు కూడా ఉండేది కాదు. మన ఉత్తరాంధ్రలో బీచ్ అనేది ఎక్కడ, ఎప్పుడు పుట్టిందని వెతుక్కుంటూ పోతే దాదాపు ప్రతిచోటా ఒకే జవాబు దొరుకుతుంది: రేవు పడిపోయిన చోట, పడిపోయిన తర్వాత. భీమిలి అంతే, కళింగపట్నం అంతే, బారువా అంతే. రేవు బతికి బాగుపడిన విశాఖలో బీచ్ సంగతి వేరు. అక్కడికి తర్వాత వద్దాం.

అసలు సరదాకి సముద్రం దగ్గరికి వెళ్ళడమే మనకి కొత్త. పెద్దవాళ్ళ లెక్కలో పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకకూడదు. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి, గ్రహణాలు, శివరాత్రి జాగరణ మర్నాటి అమావాస్య. ఆ రోజుల్లో మెట్ట ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చి, మూడు మునకలు వేసి, దేవుడికి దండం పెట్టుకుని తిరుగుముఖం పట్టేవారు. మిగిలిన రోజులన్నీ ఆ ఒడ్డు జాలరులది, వాడబలిజలది. ఊరికే గాలి కోసం సాయంత్రం పూట ఒడ్డున నడవడం తెల్లదొరలు తెచ్చిన అలవాటు. భీమిలిలోనూ వాల్తేరు మెట్ట మీదా సముద్రానికి ఎదురుగా బంగళాలు వేసుకున్నదీ వాళ్ళే. వాళ్ళయినా ఇక్కడికి షికారుకి రాలేదు. సరుకు కోసం వచ్చారు.

ముందొచ్చినవాళ్ళు డచ్చివాళ్ళు. పదిహేడో శతాబ్దంలోనే వాళ్ళ ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కొఠీ పెట్టింది. కోరమాండల్ తీరంలో వాళ్ళ పెద్ద స్థావరం పులికాట్, ఆ తర్వాత నాగపట్నం. భీమిలి వాటి కింద ఒక చిన్న కొఠీ. లోపలి ఊళ్ళలో నేసిన బట్ట ఇక్కడ ఓడ ఎక్కేది. యూరప్‌లో ఇంగ్లీషువాళ్ళతో తగువు వచ్చినప్పుడల్లా ఇక్కడ కొఠీ చేతులు మారేది, తగువు తీరితే వెనక్కి వచ్చేది. చివరికి 1824లో లండన్‌లో కూర్చుని రెండు ప్రభుత్వాలూ లెక్క తేల్చుకున్నాయి. సుమత్రా దీవిలోని బెంకూలెన్ డచ్చివాళ్ళకు, మలక్కాతో పాటు హిందూదేశంలోని డచ్చి స్థావరాలు ఇంగ్లీషువాళ్ళకు. ఆ పద్దు కింద 1825లో భీమిలి ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. గోస్తనీ ఒడ్డున ఉన్న జాలరికి ఆ సంగతి ఎవరైనా చెప్పారో లేదో!

డచ్చివాళ్ళ గుర్తుగా కళ్ళకి కనబడేవి సమాధులు. ‘హాలండర్స్ గ్రీన్’ అని పిలిచే ఆ శ్మశానంలో పిరమిడ్ల ఆకారంలో ఇటుకా సున్నంతో కట్టిన గోరీలు ఉన్నాయి. బీచ్‌కి వచ్చిన వందమందిలో ఇద్దరో ముగ్గురో అటు తొంగి చూస్తారు, అదీ ఫోటో కోసం. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. చూసినవాడికి అర్థమయ్యేలా చెప్పే ఏర్పాటు ఏదైనా ఉంటే కదా.

కుట్టిన పడవలు

భీమిలిని రేవు అన్నాం కదా అని ఓడ ఒడ్డుకి వచ్చి ఆగేదనుకోకండి. మన తీరంలో పాత రేవులన్నీ బహిరంగ రేవులే. ఓడని అడ్డుకునే గోడ గానీ, ఆనుకునే జెట్టీ గానీ లేవు. లోతున్న చోట, ఒడ్డుకి దూరంగా లంగరు వేసుకుని ఓడ నిలబడేది. ఓడకీ ఒడ్డుకీ మధ్య, వరస కట్టి విరిగే అలలు. ఆ అలలు దాటించడమే రేవు అసలు పని. అది చేసినవి మసూలా పడవలు.

ఆ పడవకి మేకులు ఉండవు. పలకల్ని అంచుకి అంచు చేర్చి, చిల్లులు పొడిచి, కొబ్బరితాడుతో కుట్టేవారు. కుట్టు కింద నార పెట్టి బిగించేవారు. మేకులు కొట్టిన గట్టి పడవ ఇసకకి తగిలితే పగులుతుంది. కుట్టిన పడవ అల దెబ్బకి వంగి, ఒంటిని సర్దుకుని, మళ్ళీ లేస్తుంది. లోపలికి నీళ్ళు వస్తూనే ఉంటాయి, తోడిపోయడానికి ఒక మనిషి ఉంటాడు. తెడ్లు వేసేవాళ్ళు వరసగా కూర్చుంటే వెనక చుక్కాని తెడ్డు పట్టుకున్న పెద్ద అలల్ని చూస్తుంటాడు. ఏ అల వెనక పోవాలి, ఏ అలని వదలాలి అన్న లెక్క అతనిదే. అతని కేకతో తెడ్లన్నీ ఒక్కసారి పడాలి. తప్పితే గోగునార బేళ్ళతో సహా పడవ అడ్డం తిరుగుతుంది.

పెద్ద దొరసాని అయినా కలెక్టరు అయినా ఓడ దిగితే ఈ పడవ ఎక్కాల్సిందే. ఎక్కినవాళ్ళు భయంతో ఉత్తరాలు రాసుకున్నారు. దాటించినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ దొరకవు. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పుడు అదే ఒడ్డున ఫైబర్ పడవలకి మోటార్లు బిగించుకుని వేటకి పోతున్నారు.

ఓడలకి దారి చూపే దీపాల కథ కూడా మనదే. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో, కోనాడ దగ్గర చింతపల్లి గుట్ట మీద 1847లో దీపస్తంభం పెట్టారు. ఆ ఊరి ఎదురుగా నీళ్ళలో రాళ్ళున్నాయి. భీమిలికి వచ్చే ఓడలు వాటి మీదికి పోకుండా ఉండాలని ఆ ఏర్పాటు. ఇప్పుడు చింతపల్లి కూడా ఆదివారం బీచే.

ఇక సరుకు. జయపురం కొండల నుంచి సాలూరు దిగి, గజపతినగరం, విజయనగరం మీదుగా భీమిలికి బండ్ల వరస వచ్చేది. తిరుగు ప్రయాణంలో ఉప్పు ఎక్కించుకునేవారు. కొండల మీదికి ఉప్పు మోసిన బంజారాల ఎద్దులు సాలూరు సంతలో పెద్ద సందడి. అన్నిటికంటే పేరు తెచ్చింది మాత్రం గోగునార. మన చేలల్లో పండిన ఆ నారని లండన్ బజారులో ‘బిమ్లీపటం జూట్’ అనే అమ్మేవారు. ఊరి పక్కన చిట్టివలసలో, విజయనగరం పక్కన నెల్లిమర్లలో జనపనార మిల్లులు లేచింది ఆ పంట చూసుకునే. 1861 నాటికే భీమిలికి పురపాలన వచ్చిందంటే ఊళ్ళో డబ్బు ఎంత తిరిగిందో ఊహించుకోవచ్చు.

ఆ బండ్ల దారిలోనే పద్మనాభం ఉంది. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం వదిలిన చోటు. కంపెనీకి కట్టాల్సిన పేష్కషు, అంటే కప్పం, బాకీల దగ్గర మొదలైన గొడవ అది. సముద్రం మీద వచ్చిన వర్తకులు సముద్రానికి ఇంత దగ్గరలో రాజుని పడగొట్టి, ఆ తర్వాత నూరేళ్ళు ఆ దారినే సరుకు దింపుకున్నారు. భీమిలి వెళ్ళే బస్సు ఇప్పటికీ కొండ కింద ఆగుతుంది. అనంత పద్మనాభస్వామి దర్శనానికి మెట్లెక్కేవాళ్ళు దిగిపోతారు, మిగిలినవాళ్ళు బీచ్‌కి.

రైలు మన ఊరికి వచ్చింది, రేవు పోయింది

భీమిలిని దెబ్బతీసింది తుఫానో, ఇసక మేటో అనుకుంటారు చాలామంది. నన్నడిగితే విజయనగరం స్టేషనే. 1893లో తూర్పు తీర రైలుమార్గం వచ్చింది. అది విజయనగరం మీదుగా పోయింది తప్ప భీమిలిని తాకలేదు. ఇవాళ్టికీ భీమిలికి రైలు లేదు. సాలూరు నుంచి దిగిన బస్తా విజయనగరంలో వ్యాగన్ ఎక్కగలిగినప్పుడు ఇంకా పాతిక కిలోమీటర్లు బండి మీద ఎందుకు పోవాలి? అక్కడ కుట్టిన పడవెక్కి తడవడం ఎందుకు? వర్తకుడికి ఊరి మీద ప్రేమ ఉండదు. నార వ్యాపారం పుణ్యమా అని భీమిలి ఒక్కరోజులో కూలిపోలేదు గానీ, దాని లెక్క మాత్రం అప్పటికే తప్పింది.

రెండో దెబ్బా మన ఊరి నుంచే. 1931లో విజయనగరం, పార్వతీపురం మీదుగా రాయపూర్ లైను పూర్తయింది. మధ్యపరగణాల మాంగనీసుకి సముద్రం కావాలి. మాంగనీసు మనకి కొత్తది కాదు. దేశంలో దాని తవ్వకం మొదలైందే 1892లో, మన గరివిడి పక్కన కోడూరులో. బెంగాల్ నాగపూర్ రైల్వే విశాఖలో, డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, చిత్తడి నేల తవ్వి రేవు కట్టింది. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి ప్రారంభోత్సవం చేశాడు. ఓడ గట్టుని ఆనుకుని నిలబడగలిగిన తర్వాత అలలు దాటించే పనివాడితో ఎవరికీ అవసరం లేదు.

భీమిలి ఒడ్డు ఖాళీ అయింది. ఖాళీ అయిన చోటికి ముందు సినిమావాళ్ళు వచ్చారు. 1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’ తీసి, విశాఖ నుంచి భీమిలి దాకా ఆ తీరాన్ని ఆంధ్రదేశం మొత్తానికి చూపించాడు. ఆ దారిలోనే తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలున్నాయి, ఎర్రమట్టి దిబ్బలున్నాయి. కానీ జనాన్ని కదిలించింది సినిమా. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. దాంతో నారతో భీమిలికి మిగిలిన చివరి బంధమూ తెగింది. శ్రీకాకుళం వైపు కళింగపట్నంలోనూ ఇదే వరస. వంశధార మొగ దగ్గర దీపస్తంభం, కాస్త ఎగువన శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, మధ్యలో ఒకనాటి రేవు. ఇప్పుడు శ్రీకాకుళం వాళ్ళ ఆదివారం.

బతికిన రేవు పక్కన

విశాఖ ఆర్కే బీచ్‌కి రేవు లేని బాధ లేదు, రేవు ఉన్న బాధ ఉంది. మన తీరంలో ఇసక నిలకడగా ఉండదు. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు ఏటవాలుగా వచ్చి ఒడ్డున ఉన్న ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. ఒకచోట పోయింది వెనక నుంచి వచ్చేదానితో పూడుతుంది. సముద్రంలోకి గోడ కడితే ఆ నడక ఆగిపోతుంది. గోడకి దక్షిణాన ఇసక మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. విశాఖ రేవు నోరు ఊరికి దక్షిణాన ఉంది, ఆర్కే బీచ్ ఆ నోటికి ఉత్తరాన. రేవు కట్టినప్పుడే ఇంజినీర్లకి ఈ సంగతి తెలుసు. అందుకే గోడకి దక్షిణాన ఇసక చేరడానికి గుంత ఉంచి, దాన్ని డ్రెడ్జరుతో తోడి ఉత్తరాన బీచ్ మీద పోసే ఏర్పాటు పెట్టారు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చాక గోడలు ఇంకా పెరిగాయి, బెడదా పెరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఉన్నదాన్ని ఊడ్చుకుపోయింది.

అంటే ఆర్కే బీచ్‌లో మనం కాళ్ళు పెట్టే ఇసకలో కొంత, గొట్టాల్లో నీళ్ళతో కలిసి పంపు మీద వచ్చిన ఇసక. ఒక ఏడు తోడకపోతే ఒడ్డు తగ్గిపోతుంది. ఆ ఇసక పక్కనే కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధులు ముగించుకుని, 2002 నుంచి టిక్కెట్టు మీద చూపించే ప్రదర్శనశాలగా ఒడ్డెక్కింది. ఓడలు తిరిగే ఊళ్ళో కూడా బీచ్ వాటాకి వచ్చింది పని మానేసిన ఓడే.

ఈ కథ మళ్ళీ శ్రీకాకుళం జిల్లాలో మొదలయింది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న కొత్త రేవుకి శంకుస్థాపన జరిగింది. నౌపడా ఉప్పు మడులకి దగ్గరలో, సముద్రంలోకి గోడలు దింపి కట్టే రేవు. ఆ ప్రాంతానికి రేవు వద్దనే మాట నేను అనను. పని వెతుక్కుంటూ చెన్నైకీ గుజరాత్ రేవులకీ వలస పోతున్న జాలరి కుర్రాళ్ళ జిల్లా అది. కానీ ఇసక అక్కడా ఉత్తరానికే నడుస్తుంది. గోడకి ఉత్తరాన వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట మండలాల ఊళ్ళున్నాయి. పడవలు లాక్కునే ఒడ్డులున్నాయి, బారువా బీచ్ ఉంది, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసక ఉంది. విశాఖలో డ్రెడ్జరు పక్కనే ఊరుంది, ఆ ఊరికి గొంతూ ఉంది. మూలపేటలో ఏటా ఇసక తోడి ఉత్తరాన పోసే పని ఎవరిది, దాని ఖర్చు రేవు పద్దులో రాశారా లేదా అన్నది ఆ మూడు మండలాల వాళ్ళు ఇప్పుడే, గోడ పూర్తిగా లేవకముందే అడగాలి.