బుగ్గ మీద తెల్ల గీత

జూన్ రెండో వారం. రాత్రి తొమ్మిదిన్నర. గుంటూరు బ్రాడీపేటలో పక్క షాపుల షట్టర్లన్నీ పడిపోయాయి, మాది తప్ప. పొద్దున్నే బడికి చేరాల్సిన 400 ఐడీ కార్డుల్లో 110 అయ్యాయి. 111వది ప్రింటర్ నోట్లోంచి జారి అరచేతిలో పడింది, ఇంకా గోరువెచ్చగా ఉంది. మూడో తరగతి పాప. రెండు జడలు, నుదుట బొట్టు. జడ మీద మొదలై ఎడమ బుగ్గ మీదుగా కింద పేరు దాకా వెంట్రుక మందాన తెల్ల గీత.

"రిబ్బన్ మార్చేద్దామా అన్నా?" అంటున్నాడు మా కుర్రాడు.

"ఆగరా. ఇంకో రెండు తియ్యి."

మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. మూడింటికీ గీత అదే చోట, కార్డు నడిచిన దారి వెంటే. కార్డు మీది దుమ్మయితే చుక్కలు చుక్కలుగా ఒక్కోదానికి ఒక్కోచోట పడేది. ఇది ప్రింట్ హెడ్ సంగతి. అందులో అంగుళానికి 300 వేడి చుక్కలు వరసగా ఉంటాయి. రిబ్బన్‌లోని రంగును కార్డుకు ఎక్కించేది ఆ వేడే. ఒక్క చుక్కకు దుమ్ము అడ్డం పడినా, అది మాడిపోయినా, దాని కింద నుంచి వెళ్లినంత మేరా తెల్లగా మిగిలిపోతుంది. దుమ్మయితే పావుగంట పని. మాడితే మాత్రం హెడ్డే మార్చాలి. ప్రింటర్‌లో అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే.

స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, మూత ఎత్తాను. వేడి ప్లాస్టిక్ వాసన. రిబ్బన్ తీసి పక్కన పెట్టాను. హెడ్ చల్లారేదాకా ఇద్దరికీ మాటల్లేవు. వేలి జిడ్డు కూడా దానికి పడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్వాబ్‌తో, ఒత్తకుండా, ఒకే వైపుకి తుడుస్తున్నాను. స్వాబ్ చివర బూడిద రంగు మరక తేలింది. హమ్మయ్య, దుమ్మే.

ఎక్కడిదా అని చూస్తే, కార్డు లోపలికి వెళ్లేటప్పుడు దుమ్ము ఎత్తాల్సిన జిగురు రోలర్ మీద నూగు పేరుకుపోయి ఉంది. కార్డుల డబ్బా సాయంత్రం నుంచి సీలింగ్ ఫ్యాన్ కింద మూత తీసే ఉంది. కుర్రాడు తల దించుకున్నాడు. వాడినేం అంటాను? రిబ్బన్ మార్చిన ప్రతిసారీ క్లీనింగ్ కార్డు నడపాలని నేర్పాల్సింది నేనే కదా.

కొత్త రోలర్ వేశాం. హెడ్ ఆరింది. వాడు కార్డులను అంచులతోనే పట్టుకుని పేకముక్కల్లా విప్పి పెడుతున్నాడు, అంటుకున్నవి రెండేసి లోపలికి పోకుండా. ప్రింటర్ మళ్లీ గుర్రుమంటోంది. పసుపు, గులాబీ, నీలం, నలుపు, పైన పొర. అదే పాప, ఈసారి నున్నని బుగ్గ. మధ్యలో ఒకసారి రిబ్బన్ తెగింది. టేపుతో దాన్ని చుట్టుకునే కండెకు అతికించి, సెట్టింగుల్లో వేడి ఒక మెట్టు తగ్గిస్తే మళ్లీ నడిచింది.

రిబ్బన్ అయిపోయింది. ట్యూబ్‌లైటుకి అడ్డంగా పెడితే నల్ల ముక్కల్లో పిల్లల పేర్లు, తండ్రుల ఫోన్ నంబర్లు చక్కగా చదవొచ్చు. ఎన్ని షాపులవాళ్లు దీన్ని అలాగే చెత్తబుట్టలో పడేస్తారో! నాకు చేతులు రావు. చెడిన మూడు కార్డులతో పాటు దాన్నీ బల్ల మీద పెట్టి, కత్తెర వాడి చేతికిచ్చాను.

"సన్నగా కొయ్యరా. ఒక్క నంబరు కూడా కనపడకూడదు."