పొరుగింటి జెండా పండుగ

ఏప్రిల్ దాటితే డార్విన్‌లో వాన ముఖం చాటేస్తుంది. ఇక అక్టోబరు దాకా ఒకటే వరస: ఎండ, పొడిగాలి, సాయంత్రమైతే సముద్రపు ఒడ్డున జనం. ఆస్ట్రేలియా ఉత్తరపు అంచున, లక్షన్నరకు అటూ ఇటూగా జనాభా ఉన్న ఈ ఊరు ఏడాదిలో చేసుకోవలసిన పండుగలను చాలావరకు ఈ ఆరు నెలల్లోకే కుక్కేస్తుంది. వాటిలో స్వాతంత్ర్య దినాలే ఎన్నో! మే 20 తూర్పు తిమోర్ వాళ్ళది. జూన్ 12 ఫిలిప్పీన్స్ వాళ్ళది. ఆగస్టు 15 మనది. ఇంకో రెండు రోజులు ఆగితే ఇండోనేషియా వాళ్ళది.

మనవాళ్ళ సంబరం మిండిల్ బీచ్‌లో. ఇండియన్ కల్చరల్ సొసైటీ ఆగస్టులో జరిపే ఆ వేడుక పేరు ‘ఇండియా ఎట్ మిండిల్’. తిండి అంగళ్ళు, నాట్యాలు, మూడు రంగుల జెండాలు. చార్లెస్ డార్విన్ యూనివర్సిటీలో చదువుకుంటే శాశ్వత నివాసానికి కొన్ని పాయింట్లు కలిసొస్తాయన్న లెక్కతో వచ్చే మన పిల్లలకు ఇంటిమీద బెంగ తీర్చుకునే రోజు అది. ఇలాంటి సందడి ఏ విదేశీ నగరంలోనైనా ఉంటుంది, న్యూజెర్సీలో అయితే ఇంతకు వందరెట్లు. కానీ అక్కడ మన ఆగస్టు 15కూ ఆ ఊరి చరిత్రకూ చుట్టరికం ఏమీ లేదు. డార్విన్‌లో ఉంది.

ఆ తేదీ ఎలా వచ్చిందో గుర్తుచేసుకుందాం. అధికార బదిలీకి 1948 జూన్ దాకా గడువున్నా మౌంట్‌బాటెన్ తొందరపడ్డాడు. 1947 ఆగస్టు 15నే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, జపాన్ లొంగిపోయి ఆనాటికి సరిగ్గా రెండేళ్ళు కాబట్టి అని తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనాధిపతిగా 1945 సెప్టెంబరు 12న సింగపూర్‌లో జపాన్ సేనల లొంగుబాటు పత్రం అందుకున్నది ఆయనే. కోట్లమంది తలరాత మారే రోజును ఒక సేనాని తన విజయం జ్ఞాపకార్థం ఖాయం చేశాడన్నది మనకు అంత గర్వపడే సంగతేమీ కాదు. ఏదైతేనేం, ఆ జపాన్ దెబ్బను ఆస్ట్రేలియా గడ్డ మీద అందరికంటే ఎక్కువగా తిన్న ఊరు డార్విన్.

1942 ఫిబ్రవరి 19 ఉదయం నాలుగు విమానవాహక నౌకల నుంచి లేచిన 188 విమానాలు రేవు మీద విరుచుకుపడ్డాయి. మధ్యాహ్నానికి మరో 54 వచ్చాయి. ఆ ఒక్క రోజే కనీసం 235 మంది చనిపోయారు. 1943 నవంబరు వరకు ఊరి మీద అరవైకి పైగా దాడులు జరిగాయి. ఫిబ్రవరి 19 తర్వాత ఏడు వారాలైనా నిండకుండానే, ఏప్రిల్ 6న, జపాన్ నౌక ర్యూజో నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖ జనం ఇళ్ళకు తాళాలు వేసి పల్లెలకు పరుగెత్తిన ఆ రోజుల సంగతి మన తాతల తరం చెప్పుకునేది. డార్విన్ జనమూ అలాగే పరుగెత్తారు, దక్షిణానికి.

డార్విన్‌కు అన్నిటికంటే దగ్గరగా ఉన్న పెద్ద ఊరు ఏది అని అడిగితే చాలామంది ఆస్ట్రేలియా పటంలో వెతుకుతారు. అడిలైడ్ రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. తూర్పు తిమోర్ రాజధాని దిలీ మాత్రం సముద్రం దాటితే దాదాపు 720 కిలోమీటర్లే. డార్విన్ చరిత్రలో సగం ఆ నీటి మీదే నడిచింది.

డార్విన్ మీద బాంబులు పడిన వేళకే జపాన్ సేనలు తిమోర్‌లో దిగాయి. అక్కడున్న ఆస్ట్రేలియా కమాండోల దళం కొండల్లోకి తప్పుకుంది. వాళ్ళు పట్టుబడ్డారనో చనిపోయారనో స్వదేశంలో అనుకున్నారు. ఆ కుర్రాళ్ళేమో దొరికిన తుక్కు సామానంతా పోగేసి ఒక వైర్‌లెస్ సెట్టు కట్టారు. దానికి ‘విన్నీ ద వార్ విన్నర్’ అని ముద్దుపేరు. 1942 ఏప్రిల్‌లో దాని మాట డార్విన్‌లో వినిపించింది. అవతల ఉన్నది జపాన్ వాళ్ళేమోనని డార్విన్ వాళ్ళకు అనుమానం. ఒక అధికారిని సెట్టు దగ్గరికి పిలిపించి, నీ భార్య పేరేమిటో చెప్పమన్నారు. చెప్పాక గానీ నమ్మలేదు. ఆ సెట్టు ఇప్పుడు కాన్‌బెరాలోని యుద్ధ స్మారక మ్యూజియంలో ఉంది.

ఆ దళం కొండల్లో నెలల తరబడి నిలదొక్కుకుందంటే అన్నం పెట్టి, బరువులు మోసి, దారి చూపిన తిమోర్ పల్లెటూళ్ళ వల్లనే. కమాండోలు వెళ్ళిపోయాక ఆ పల్లెలు మూల్యం చెల్లించాయి. జపాన్ ఆక్రమణలో చనిపోయిన తిమోర్ ప్రజల సంఖ్య 40 వేల నుంచి 60 వేల దాకా ఉంటుందని అంచనా. ఆ బాకీ సంగతి ఆస్ట్రేలియా ప్రభుత్వాలు మరిచినంత తేలిగ్గా డార్విన్ మరిచిపోలేదు. నేను ఇదంతా చెప్పుకొస్తున్నది అందుకే.

తూర్పు తిమోర్ పోర్చుగల్ వలస. ఒకప్పుడు దాని పాలన మన గోవా నుంచే సాగేది. 1974 ఏప్రిల్‌లో లిస్బన్‌లో సైన్యం నియంతృత్వాన్ని కూలదోశాక వలసలకు తలుపులు తెరుచుకున్నాయి. 1975 ఆగస్టులో తిమోర్ పార్టీల మధ్య అంతర్యుద్ధం మొదలై, మక్‌దిలి, లాయిడ్ బాకే అనే ఓడల్లో శరణార్థులు డార్విన్ రేవుకు వచ్చారు. అప్పటికి ఆ ఊరికే నీడ లేదు. ఎనిమిది నెలల కిందట, 1974 క్రిస్మస్ నాటి ట్రేసీ తుఫాను ఊళ్ళో మూడొంతుల ఇళ్ళను నేలమట్టం చేసింది. విమానాల్లో, కార్లలో ముప్పై వేలకు పైగా జనాన్ని బయటికి పంపేశారు. కూలిన గోడలింకా ఎత్తని ఊరికి కొత్త చుట్టాలొచ్చారన్నమాట.

అదే 1975 నవంబరు 28న ఫ్రెటిలిన్ పార్టీ దిలీలో స్వాతంత్ర్యం ప్రకటించింది. తొమ్మిది రోజులకు, డిసెంబరు 7న, ఇండోనేషియా సైన్యం దిగింది. ఓడల నుంచి సైనికులు దిగుతున్నారు, కాపాడండి అంటూ దిలీ నుంచి వచ్చిన పిలుపు డార్విన్‌లోనే వినిపించింది. ముప్పై మూడేళ్ళ తర్వాత మళ్ళీ అదే సముద్రం మీదుగా, అదే ఊరికి.

ఈసారి వింటున్నది సైన్యం కాదు, రేవు కార్మికులు. వాళ్ళలో బ్రయాన్ మానింగ్ ఒకడు. కమ్యూనిస్టు, యూనియన్ మనిషి. తిమోర్ కొండల్లో మిగిలిన పోరాట దళం ‘రేడియో మౌబెరె’ పేరుతో వార్తలు పంపేది. ఫ్రెటిలిన్ సమాచార మంత్రి అలారికో ఫెర్నాండెస్ గొంతు అది. మానింగ్, అతని స్నేహితులు డార్విన్ చుట్టుపక్కల అడవిలో ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని ఆ వార్తలు అందుకునేవారు, బదులు పంపేవారు, పత్రికలకు చేరవేసేవారు. లైసెన్సు లేదు. అధికారులు కనిపెడతారని చోటు మార్చుకుంటూ తిరిగేవారు. 1942లో బొంబాయిలో ఉషా మెహతా బృందం నడిపిన కాంగ్రెస్ రేడియో మనకు గుర్తురావాలి. అది మూడు నెలల్లోపే పోలీసులకు చిక్కింది. డార్విన్ సెట్టును 1976 సెప్టెంబరులో పట్టుకుని మనుషుల్ని అరెస్టు చేశారు. అయినా మరో సెట్టు, మరో మనిషి. 1978 చివర్లో కొండల్లోని గొంతు ఆగిపోయేదాకా ఆ దారం తెగలేదు. బయటి ప్రపంచంతో తిమోర్ పోరాటానికి మిగిలిన దారం కూడా దాదాపు అదొక్కటే.

ఈ మానింగ్‌కు ఇంకో కథ ఉంది. 1966 ఆగస్టు 23న వేవ్ హిల్ అనే పశువుల ఎస్టేటులో గురింజీ ఆదివాసులు విన్సెంట్ లింగియారి నాయకత్వంలో పని మానేసి బయటికి నడిచారు. కూలి కోసం మొదలై భూమి కోసం సాగిన సమ్మె. డార్విన్ నుంచి వాళ్ళకు బియ్యం, పిండి వంటి సరుకులు మోసింది మానింగ్ సొంత బెడ్‌ఫోర్డ్ లారీయే. ఆ పాత లారీని ఇప్పుడు వారసత్వ సంపదగా ప్రభుత్వమే గుర్తించింది. సమ్మె మొదలైన తొమ్మిదేళ్ళకు, 1975 ఆగస్టు 16న, ప్రధాని గాఫ్ విట్లం స్వయంగా వచ్చి లింగియారి దోసిట్లో మట్టి పోసి, ఈ భూమి మీదే అన్నాడు. ఆ ఫొటో ఆస్ట్రేలియాలో తెలియనివారుండరు. గురింజీలు ఏటా ఆగస్టులో ‘ఫ్రీడమ్ డే’ చేసుకుంటారు. మట్టి పోసిన ఆ నెలలోనే తిమోర్ శరణార్థుల ఓడలు డార్విన్‌కు చేరుతున్నాయి. తిమోర్ ఇండోనేషియాలో కలిసిపోతేనే మేలని అంతకు ముందు ఏడాదే ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తోతో చెప్పివచ్చినవాడూ ఆ విట్లమే. ఒకే మనిషి ఒక చేత్తో మట్టి ఇచ్చాడు, ఇంకో చేత్తో దేశాన్ని వదిలేశాడు. లారీ తోలిన కార్మికుడికి మాత్రం రెండూ ఒకటే వ్యవహారంగా కనిపించాయి.

ఇండోనేషియా మీద పగతో ఇదంతా చేశారనుకుంటే పొరపాటు. 1945 ఆగస్టు 17న సుకర్ణో, హట్టా స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు వలస పాలకులైన డచ్చివాళ్ళ ఓడలకు సరుకెత్తబోమని మొండికేసింది ఈ ఆస్ట్రేలియా రేవు యూనియన్లే. సిడ్నీలో ఉన్న భారతీయ నావికులు కూడా వాళ్ళతో కలిశారు. ముప్పై ఏళ్ళ తర్వాత అవే యూనియన్లు తిమోర్ కోసం ఇండోనేషియా ఓడలను ఆపాయి. నేడు డార్విన్‌లో రెండు దేశాలకూ కాన్సులేట్లున్నాయి.

తిమోర్ విడుదలకు 24 ఏళ్ళు పట్టింది. 1999 ఆగస్టు 30న ఐక్యరాజ్య సమితి జరిపిన ఓటింగులో 78.5 శాతం మంది స్వాతంత్ర్యం కోరారు. ప్రవాసంలో ఉన్నవాళ్ళ కోసం డార్విన్‌లోనూ పోలింగు పెట్టారు. చిత్రమేమిటంటే, అంతకు దాదాపు పదకొండు నెలల ముందు, 1998 అక్టోబరులో, అదే ఊరి జనాన్ని మరో ప్రశ్న అడిగారు: మన నార్తర్న్ టెరిటరీ పూర్తి స్థాయి రాష్ట్రం కావాలా? స్వల్ప తేడాతో వద్దన్నారు. ఇప్పటికీ అది రాష్ట్రం కాదు. 1978 జులై 1న స్వపరిపాలన మాత్రం వచ్చింది. అక్కడి అసెంబ్లీ చేసిన చట్టాన్ని కాన్‌బెరా కొట్టేయగలదు, 1997లో కారుణ్య మరణ చట్టాన్ని కొట్టేసింది కూడా. ఆ జులై 1న ‘టెరిటరీ డే’. ఏడాదిలో ఆ ఒక్క సాయంత్రమే, ఆరు నుంచి పదకొండు వరకు, మామూలు జనం టపాసులు కాల్చుకోవచ్చు. మన దీపావళిని తలదన్నే మోత. తమది సగం స్వాతంత్ర్యమేనన్న బాధ ఆ మోతలో ఎక్కడా వినిపించదు.

దిలీలో ఓటు ఫలితం చెప్పిన వెంటనే ఇండోనేషియా పక్షపు సాయుధ మూకలు ఊళ్ళు తగలబెట్టాయి. ఐరాస ఆవరణలో దాక్కున్న జనాన్ని హెర్క్యులిస్ విమానాల్లో డార్విన్‌కు తరలించారు. దిలీ బిషప్ బెలో వచ్చాడు. జకార్తా నిర్బంధం నుంచి విడుదలైన తిమోర్ పోరాట నాయకుడు షనాన గుష్మావ్ కూడా స్వదేశానికి వెళ్ళేముందు ఈ ఊళ్ళోనే ఆగాడు. శాంతి సేన బయల్దేరిందీ ఇక్కడి నుంచే.

అందుకే డార్విన్ తిమోరీయులకు రెండు పండుగలు. నవంబరు 28 స్వాతంత్ర్యం ప్రకటించిన రోజు, 2002 మే 20 దాన్ని తిరిగి పొందిన రోజు. రెండు తేదీలేమిటని తికమకపడేవాళ్ళు యానాం వెళ్ళి చూడాలి. ఫ్రెంచి పాలన చేతులు మారింది 1954 నవంబరు 1న, చట్టబద్ధంగా కలిసింది 1962 ఆగస్టు 16న. యానాంలో రెండూ పండుగలే. హైదరాబాదు రాజ్యంలో పుట్టినవాళ్ళకు సెప్టెంబరు 17 ఎలాగూ ఉంది. స్వాతంత్ర్యం అన్ని ఊళ్ళకూ ఒకే బండిలో రాలేదు.

ఆ 2002 మే 20న జరిగిన ఇంకో పని పండుగ ఉపన్యాసాల్లో వినిపించదు. అర్ధరాత్రి జెండా ఎగిరిన కొద్ది గంటలకే దిలీలో ఆస్ట్రేలియా ప్రధాని జాన్ హోవార్డ్, కొత్త దేశపు ప్రధాని మరి అల్కటిరి తిమోర్ సముద్ర ఒప్పందం మీద సంతకాలు చేశారు. రెండు దేశాల మధ్య సముద్రంలోని ఉమ్మడి ప్రాంతంలో దొరికే చమురు, గ్యాస్ ఆదాయంలో తిమోర్‌కు 90 శాతం. ఉదారంగానే కనిపిస్తుంది. అయితే ఆ సముద్రంలో హద్దు ఎక్కడన్న ప్రశ్న పక్కకు పోయింది. అంతకు రెండు నెలల ముందే సముద్ర హద్దుల తగాదాల్లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పుకు కట్టుబడబోమని ఆస్ట్రేలియా తప్పుకుంది కూడా. ఆ ఉమ్మడి ప్రాంతంలోని బాయు ఉందాన్ క్షేత్రపు గ్యాస్ సముద్రగర్భంలో గొట్టం ద్వారా దిలీకి పోలేదు, డార్విన్‌కు వచ్చింది. 2006 నుంచి 2023 దాకా అక్కడి ప్లాంటులో ద్రవమై ఓడలెక్కింది. ఉద్యోగాలూ డార్విన్‌వే.

2018 మార్చి 6న ఎట్టకేలకు నడిగీత దగ్గర హద్దు కుదిరింది. మిగిలింది గ్రేటర్ సన్‌రైజ్ అనే పెద్ద గ్యాస్ క్షేత్రం. తిమోర్ తీరానికి 150 కిలోమీటర్లు, డార్విన్‌కు 450. గ్యాస్‌ను డార్విన్‌కు పంపితే ప్రభుత్వ ఆదాయంలో తిమోర్ వాటా 80 శాతం, సొంత తీరానికి తెచ్చుకుంటే 70 శాతం అని ఒప్పందంలోనే రాశారు. సొమ్ము తగ్గినా సరే, గొట్టం తమ ఒడ్డుకే రావాలని తిమోర్ పట్టుబడుతోంది.