తమ్మె దాటిన పోగు

చెవులు కుట్టడం తెలుగునాట పసిపిల్లలకు జరిపే తొలి వేడుకల్లో ఒకటి. పుట్టువెంట్రుకలు తీయించిన రోజునే కొందరు కుట్టిస్తారు, మరికొందరు వేరే మంచిరోజు చూసుకుంటారు. చాలా ఇళ్లలో బిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెడతారు. పోగుల ఖర్చూ ఆయనదే. శాస్త్రకారులు దీన్ని కర్ణవేధ పేరుతో షోడశ సంస్కారాల్లో చేర్చారు. అయితే తంతు కన్నా పని తీరును వివరంగా రాసిపెట్టింది వైద్యులే.

సుశ్రుత సంహిత సూత్రస్థానం 16వ అధ్యాయం ఈ పనితోనే మొదలవుతుంది. రక్ష కోసం, అలంకారం కోసం చెవులు కుట్టాలంటుంది. ఆరో నెలలోనో ఏడో నెలలోనో, శుక్లపక్షంలో, దాది ఒడిలో ఉన్న బిడ్డను ఆటవస్తువులతో మరిపిస్తూ వైద్యుడు ఎడమచేత్తో చెవి లాగి పట్టుకుంటాడు. ఎండవెలుగు అవతలికి కనిపించే పలచని చోటు చూసి, కుడిచేత్తో నిదానంగా, తిన్నగా పొడుస్తాడు. పలచని చెవికి సూది, మందమైన చెవికి లావు సూదిలాంటి ఆర. మగపిల్లవాడికి ముందు కుడిచెవి, ఆడపిల్లకు ఎడమచెవి. రంధ్రంలో దూదివత్తి పెట్టి నూనెతో తడుపుతారు. మూడు రోజులకోసారి ఇంకాస్త లావు వత్తి వేస్తారు. నెత్తురు ఎక్కువగా కారినా, నొప్పి పెరిగినా పొడిచింది తగిన చోట కాదని అర్థం. కాళిక, మర్మరిక, లోహితిక అనే సిరల్లో దేనికి దెబ్బ తగిలితే ఏ బాధ వస్తుందో కూడా ఉంది: జ్వరం, మంట, వాపు, గడ్డలు, మెడ పట్టేయడం. అప్పుడు వత్తి తీసేసి, అతిమధురం, మంజిష్ఠ, యవలు, ఆముదపు వేరు నూరి తేనె, నెయ్యి కలిపి పూయాలి. పుండు మానాకే మళ్లీ కుట్టాలి. పొరపాటు జరగొచ్చని ఒప్పుకుని విరుగుడు కూడా చెప్పడం ఈ అధ్యాయంలో మెచ్చదగ్గ సంగతి.

ఇలా పెంచిన రంధ్రాల్లో ఎలాంటి నగలు పట్టేవో చూపే ఒక జత బంగారు కర్ణాభరణాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. క్రీ.పూ. 1వ శతాబ్దానివని, బహుశా ఆంధ్ర ప్రాంతానివని నిపుణుల అంచనా. రెక్కల సింహం, ఏనుగు బొమ్మలతో ఉన్న ఆ నగలను మోయాలంటే చెవి తమ్మె బాగా సాగి ఉండాలి. అమరావతి శిల్పాల్లోని స్త్రీపురుషుల చెవులూ అలాంటివే. బరువు కమ్మలు తమ్మెను తెంపకుండా చెవి మీదుగా జుట్టులోకి తగిలించే మాటీలు పుట్టింది ఈ అవసరం కోసమే అనుకోవచ్చు.

ఊళ్లలో ఈ పని కంసాలిది. సన్నని బంగారు తీగ కొనను ఆకురాయితో సూదిలా అరగదీసి, దాంతోనే తమ్మెను పొడిచి, పట్టుకారుతో అక్కడే చుట్టు తిప్పేవాడు. కుట్టిందీ నగా ఒకటే కావడంతో గాయంలోకి రెండో వస్తువు దూర్చే పని ఉండేది కాదు. తర్వాత పసుపు, కొబ్బరినూనె రాస్తూ రోజూ తీగను తిప్పేవారు. బంగారం కొనలేని ఇంట రంధ్రం పూడకుండా వేపపుల్ల ఉండేది.

తమ్మెకు ఈ పద్ధతి చాలావరకు సరిపోయింది. అక్కడ ఉన్నది కొవ్వు, చర్మమే. నెత్తురు బాగా ఆడుతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. చెవి పైడొప్ప సంగతి వేరు. అక్కడి మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, మీద పొర నుంచే దానికి పోషణ అందాలి. బావిలీలు పెట్టుకోవడానికి పెద్దవాళ్లు చెవి పైభాగం కుట్టించుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. కొత్తదల్లా 20వ శతాబ్దం చివర నగరాల్లో వచ్చిన ఫ్యాషన్, దాంతోపాటు వచ్చిన చెవులు కుట్టే గన్. చోటు మారినా, నూనె రాసి తిప్పే తమ్మె అలవాటు మాత్రం వదల్లేదు. నిజానికి తిప్పినకొద్దీ మానుతున్న పొర చిరుగుతుంది.

గన్ మొద్దుకొనతో బలంగా దూసుకెళ్లి మృదులాస్థిని నలిపేస్తుంది, దాన్ని పూర్తిగా స్టెరిలైజ్ చేయడమూ కష్టమే. 2000లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒక నగల దుకాణంలో పైచెవి కుట్టించుకున్న ఏడుగురికి సూడోమోనాస్ బ్యాక్టీరియా సోకినట్టు నిర్ధారణ అయింది. సూక్ష్మజీవులను చంపాల్సిన మందుసీసాలోనే అవి పెరుగుతున్నాయి. ఒకసారి వాడి పారేసే బోలు సూదితో, గ్లవ్స్ వేసుకుని కుట్టడం ఇప్పుడు మెరుగైన పద్ధతి.

నగ ఎంపికలో అసలు చిక్కు నికెల్. దురద, ఎర్రదద్దుర్లు తెచ్చే ఈ లోహాన్ని చర్మానికి తగిలే వస్తువుల్లో పరిమితం చేస్తూ యూరప్ 1994లో చట్టం చేసింది. శరీరంలో అమర్చే పరికరాలకు వాడే స్థాయి టైటానియం తొలి నగకు నమ్మకమైనది. 916 బంగారమైతే హాల్‌మార్క్ బంగారం పాలు ఎంతో చెబుతుందే తప్ప, మిగతా భాగంలో ఏ లోహం కలిపారో చెప్పదు. అది దుకాణంలో అడిగి తెలుసుకోవాల్సిందే. మొదట్లో వాపుకు చోటు ఉండేలా కాడ కాస్త పొడుగ్గా ఉండాలి, వాపు తగ్గాక పొట్టిది వేయించుకోవాలి.

పైచెవి పూర్తిగా మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. రోజూ స్టెరైల్ సెలైన్‌తో కడిగి, మెత్తగా అద్ది ఆరబెట్టడం చాలు. ఆ వైపు తిరిగి పడుకోకూడదు, చెరువుల్లో, ఈతకొలనుల్లో మునగకూడదు. తమ్మె మామూలుగా ఉండి పైడొప్ప మాత్రం ఎర్రబడి, వాచి, సలుపుతుంటే మృదులాస్థి పొరకు ఇన్ఫెక్షన్ సోకిందని అనుమానించాలి. చీము పట్టి మృదులాస్థి కరిగితే చెవి ముడుచుకుపోయి ఆకారం శాశ్వతంగా చెడుతుంది. అందుకే పసుపుతో కాలయాపన చేయకుండా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.