ఉబ్బిన డబ్బా

నూజివీడు మామిడి గుజ్జు డబ్బాలో ఉన్నా నోరూరిస్తుంది. మూత ఉబ్బిందా, ముట్టుకోకండి. సాధారణంగా లోపల సూక్ష్మజీవులు చేరి వాయువు పుట్టించాయన్నమాట!

మన బెజవాడ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగా, 1918లోనే అక్కడి ప్రభుత్వం కల్తీ నిరోధక చట్టం చేసింది. తర్వాత దాదాపు దేశమంతటికీ ఒకే చట్టం 1954లో వచ్చి, 1955 జూన్ 1 నుంచి అమలైంది. దాని ప్రకారం ఇన్‌స్పెక్టరు అనుమానం వచ్చిన సరుకును పట్టుకోవచ్చు, నమూనా పరీక్షకు పంపవచ్చు. బొత్తిగా చెడిపోయిందైతే, అమ్మినవాడికి నోటీసిచ్చి నాశనం చేయించవచ్చు.

ఇదంతా సర్కారువారి పనే అనుకుంటాం గానీ, అందులో 12వ సెక్షను మనది. సరుకు కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పి, రుసుం కట్టి, ఏ ఇల్లాలైనా దాన్ని పరీక్ష చేయించవచ్చు. కల్తీ అని తేలితే రుసుం వాపసు. అయితే మనలో ఎందరం వాడుకున్నాం చెప్పండి?

2011లో ఆ చట్టం స్థానంలో 2006 నాటి ఆహార భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. మన హక్కు మాత్రం పోలేదమ్మా, 40వ సెక్షనులో ఉంది.