ఉత్తర సరస్సుల బెరడు పడవ

అమెరికాలోని మిన్నెసోటాకూ కెనడాలోని ఒంటారియోకూ మధ్య సరిహద్దు వెంట వందలాది సరస్సులున్నాయి. మంచుయుగంలో హిమానీనదాలు రాతినేలను దొలిచి వదిలిన పల్లాలివి. ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు వెళ్లాలంటే చాలాచోట్ల అడవిదారిన నడవాలి. అలా పడవనూ సరుకునూ మోసుకుంటూ నేల దాటే దారిని పోర్టేజ్ అంటారు. పడవ ఎంత తేలికైతే ప్రయాణం అంత సులువు. ఈ నేలకు అన్నివిధాలా తగిన పడవను ఇక్కడి ఆదివాసులు చెట్టుబెరడుతో తయారుచేసుకున్నారు. ఈనాడు వేసవి ఉదయాల్లో ఈ నీళ్ల మీద తెడ్డు వేసే విహారయాత్రికుల పడవ, కనూ, దాని వారసురాలే.

ఒజిబ్వేలతో సహా అనిషినాబే ప్రజలు ఈ పనిలో ఆరితేరినవారు. మన ప్రాచీన గ్రంథాలు రాసిన హిమాలయ భూర్జవృక్షానికి దగ్గరి బంధువైన చెట్టు అక్కడి అడవుల్లో పెరుగుతుంది. వేసవి మొదట్లో దాని బెరడు సులువుగా ఊడివస్తుంది. ఆ బెరడును నేల మీద పరిచి, రాళ్ల బరువు పెట్టి, చుట్టూ గుంజలు పాతి పడవ ఆకారానికి తెస్తారు. చెట్టు మీద బయటికి కనిపించే తెల్లటి వైపు పడవ లోపలికి వస్తుంది, లోవైపు నీటిని తాకుతుంది. చీల్చిన స్ప్రూస్ వేళ్లతో అతుకులు కుడతారు. సెడార్ చెక్కను పలుచగా చీల్చి లోపల పరుస్తారు, వేడినీళ్లతో మెత్తబరిచి వంచిన పక్కటెముకలను దాని మీద బిగిస్తారు. స్ప్రూస్ బంకలో కొవ్వు, బొగ్గుపొడి కలిపి కుట్ల మీద పూస్తారు. కుట్టడం, బంక పూయడం ఎక్కువగా స్త్రీల పని. మొత్తం పడవలో ఒక్క ఇనుప మేకు ఉండదు. దారిలో రాయి తగిలి చిల్లుపడినా, బాగుచేసుకోవడానికి కావలసినవన్నీ ఒడ్డునున్న అడవిలోనే దొరుకుతాయి.

1603లో ఫ్రెంచి అన్వేషకుడు శామ్యూల్ ద షాంప్లేన్ సెయింట్ లారెన్స్ నది సుళ్ల దగ్గర తమ పడవలు ముందుకు సాగవనీ, ఆదివాసుల కనూలతోనే లోతట్టుకు వెళ్లగలమనీ గ్రహించాడు. ఐరోపాలో టోపీల కోసం బీవర్ అనే జంతువు బొచ్చుకు గిరాకీ పెరిగేకొద్దీ ఆ కనూలే వ్యాపారానికి ఆధారమయ్యాయి. 18వ శతాబ్దం చివర్లో నార్త్‌వెస్ట్ కంపెనీ రెండు రకాల కనూలు నడిపింది. మాంట్రియల్ నుంచి పెద్ద సరస్సుల మీదుగా వచ్చేది దాదాపు 36 అడుగుల పొడవు, దాదాపు 60 మూటలు మోసేది. లోపలి చిన్న సరస్సులకు వాడిన ఉత్తర కనూ సుమారు 25 అడుగులే. ఈ రెండు రకాల కనూల దళాలూ వేసవిలో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న గ్రాండ్ పోర్టేజ్‌లో కలుసుకుని సరుకులిచ్చి చర్మాలు పుచ్చుకునేవి. అక్కడి నుంచి పిజన్ నదికి వెళ్లే కాలిబాట ఎనిమిదిన్నర మైళ్లు. మూట బరువు 90 పౌండ్లు, అంటే దాదాపు 41 కిలోలు. వోయాజర్లు అని పిలిచే పడవవాళ్లు ఒక్కొక్కరూ మామూలుగా ఒక్కో విడతలో రెండు మూటలు మోసేవారు.

వారి రోజు తెల్లవారకముందే మొదలయ్యేది. పొద్దెక్కితే గాలి లేచి పెద్ద సరస్సుల్లో అలలు పడవను ముంచేస్తాయి. అందుకే నీళ్లు నిలకడగా ఉన్నప్పుడే బయల్దేరి, కొన్ని గంటలు తెడ్డు వేశాకే ఉదయపు తిండికి ఆగేవారు. తెడ్ల వేగం తప్పకుండా పాటలు పాడేవారు. మధ్యమధ్య పొగాకు పైపు కాల్చుకునేందుకు ఆగేవారు. దారి దూరాన్ని కూడా ఆ విరామాలతోనే లెక్కించేవారు.

1821లో నార్త్‌వెస్ట్ కంపెనీ హడ్సన్స్ బే కంపెనీలో కలిసిపోవడంతో సరుకు రవాణా ఎక్కువగా హడ్సన్ అఖాతం వైపు మళ్లింది. పట్టు టోపీల మోజు బీవర్ గిరాకీని తగ్గించింది. ఆవిరి ఓడలు, రైళ్లు వచ్చాక కనూ రవాణాకు కాలం చెల్లింది. అయితే 19వ శతాబ్దం చివర్లో బెరడుకు బదులు కాన్వాస్ గుడ్డ తొడిగిన కనూలు విహారానికి వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిసే వేళ విమానాల తయారీ సంస్థ గ్రుమ్మన్ అల్యూమినియం కనూలు మొదలుపెట్టింది. పదార్థం మారినా ఆకారం పెద్దగా మారలేదు.

ఈ సరస్సుల ప్రశాంతత చట్టాలతో కాపాడుకున్నది. సరిహద్దుకు కెనడా వైపున్న క్వెటికో 1913లో ఒంటారియో ప్రాంతీయ ఉద్యానవనమైంది. సరిహద్దుకు అమెరికా వైపున్న సరస్సుల మీద విమానాలు తక్కువ ఎత్తులో ఎగరకుండా 1949లో అధ్యక్షుడు ట్రూమన్ నిషేధించాడు. 1978 చట్టం అక్కడి బౌండరీ వాటర్స్‌లో చాలా సరస్సుల మీద మోటారు పడవలను ఆపింది.

ఒజిబ్వేల చేతుల్లో కనూ ఇప్పటికీ పనిముట్టే. వేసవి చివర్లో ఒకరు గడతో పడవ నడుపుతుంటే, మరొకరు రెండు కర్రలతో అడవి వరి గింజలను పడవలోకి రాలుస్తారు. బెరడు కనూలు కట్టే నిపుణులు వారిలో నేటికీ ఉన్నారు.