తుపాకి గొట్టంలోని ఉప్పు



'తుపాకి' అన్న మాట పుట్టుకతో మనది కాదు. తురుష్కుల భాషనుండి వచ్చినదని నిఘంటుకారులు చెబుతారు. అయినా అది తెలుగు విభక్తులన్నీ ధరించి, ఏనాడో మన ఇంటిమాట అయిపోయింది. దానికి తోడుగా 'రంజకం' అనే మాట కూడా ఉండేది. ఇప్పుడది వాడుకలోనుండి దాదాపుగా జారిపోయింది. తుపాకిలోని అసలు మందును అంటించడానికి ముందుగా రాజుకునే కొద్దిపాటి మందుకు రంజకమని పేరు. చిటికెడంత ఉండే ఈ పదార్థమే నేడు నేను చెప్పబోయే చరిత్రకు మూలం.

కొత్తగా .22 రైఫిలు చేతబట్టినవారికి పెద్దలు చేసే మొదటి ఉపదేశం ఒకటుంది: "కాల్చిన ప్రతిసారీ గొట్టాన్ని తళతళలాడేటట్లు తోమాలి." ఎందుకని అడిగితే "తుప్పు పడుతుంది" అంటారు. ఈ ఉపదేశం ఎక్కడ పుట్టింది? నేటికీ అంతే నిజమా? తెలుసుకోవాలంటే ఆ తూటా పుట్టుపూర్వోత్తరాలు చూడాలి.

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో రంజకాన్ని చిన్న రాగి టోపీలో పెట్టి, తుపాకి వెనుక అమర్చి, సుత్తి దెబ్బతో పేల్చే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. 1845లో పారిస్ నగరానికి చెందిన తుపాకుల నిర్మాత లూయీ నికొలా ఫ్లోబేర్ ఆ టోపీ మూతికే ఒక సీసపు గుండును బిగించాడు. వేరే మందు లేదు, రంజకమే మందు. ఇంటి లోపల వినోదంగా గురిచూసి కాల్చుకోవడానికి అది చాలింది. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ సంస్థ తన తొలి రివాల్వరు కోసం ఈ ఆలోచననే పొడిగించి, టోపీని చిన్న లోహపు గొట్టంగా మార్చి, అందులో 4 గ్రెయిన్ల తుపాకిమందు, మూతికి 29 గ్రెయిన్ల సీసపు గుండు పెట్టింది. గ్రెయిను అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, మన గురిగింజ ఎత్తులో ఇంచుమించు సగం. రంజకం ఆ గొట్టపు అడుగు అంచు మడతలో ఉంటుంది. తుపాకి మేకు ఆ అంచును నలిపితే పేలుతుంది. కనుకనే దీనికి 'రిమ్‌ఫైర్', అంటే అంచున పేలేది, అని పేరు. 1887లో మసాచుసెట్స్‌లోని స్టీవెన్స్ సంస్థ ఈ కుటుంబంలోనే 40 గ్రెయిన్ల గుండుతో '.22 లాంగ్ రైఫిల్' తూటాను తెచ్చింది. ప్రపంచమంతటా కొత్తవారు మొదట చేతబట్టేది నేటికీ ఎక్కువగా అదే. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల రైఫిలు పోటీలో వాడేదీ ఈ తూటాయే.

ఇక ఉప్పు కథ. పాతకాలపు తుపాకిమందు సురేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమం. అది కాలితే దట్టమైన పొగ, గొట్టం నిండా మసి. ఆ మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. ఇది అందరికీ కంటికి కనిపించే విషయం కనుక, కాల్చినవాడు ఆ పూటే గొట్టాన్ని నీళ్ళతో కడిగి, తుడిచి, నూనె రాసేవాడు. పందొమ్మిదవ శతాబ్ది చివర పొగరాని మందు వచ్చింది. గొట్టం శుభ్రంగా కనిపించసాగింది. నీళ్ళు ఎందుకు, నూనెగుడ్డ చాలుననుకున్నారు. తీరా చూస్తే తుప్పు మునుపటికంటె ఉధృతమైంది!

దోషం మందులో లేదు, రంజకంలో ఉంది. ఆనాటి రంజకంలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలిన తరువాత మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే మన వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. ఆవకాయ జాడీ దగ్గర పెట్టిన ఇనుప గరిటె గతి ఏమవుతుందో మన ఇల్లాళ్ళకు చెప్పనక్కరలేదు. పైగా ఉప్పు నీటిలో కరుగుతుంది గాని నూనెలో కరగదు. నూనె రాసినవాడు ఉప్పును తొలగించడం లేదు, దానికి దుప్పటి కప్పుతున్నాడు. పూర్వం విస్తారమైన మసిలో ఈ ఉప్పు పలచబడి, కడిగిన నీళ్ళతో కొట్టుకుపోయేది. పొగరాని మందు వచ్చాక నీళ్ళూ పోయాయి, ఉప్పు మిగిలింది. .22 తూటాలో అసలు మందు స్వల్పం కనుక, దానితో పోలిస్తే రంజకం పాలు ఎక్కువ. అందువల్ల ఈ చిన్న రైఫిళ్ళ గొట్టాలు మరీ త్వరగా చెడిపోయేవి. బ్రిటిష్ సైనికులు తమ పెద్ద రైఫిళ్ళ గొట్టాలలో గరాటుతో సలసల కాగే నీళ్ళు పోసింది ఈ ఉప్పును వదిలించడానికే. 1903లో ఫ్రాంక్ హోపీ అనే అమెరికను తయారుచేసిన 'హోపీస్ నంబర్ 9' అనే ద్రావకం వంటివి ఇంటింటా చేరింది కూడా ఈ కాలంలోనే.

పరిష్కారం తోమడంలో కాక రసాయనశాలలో దొరికింది. 1926లో రెమింగ్టన్ సంస్థ క్లోరేట్ లేని రంజకంతో 'క్లీన్‌బోర్' తూటాలను విపణిలోకి తెచ్చింది. పేరుకు అర్థమే 'శుభ్రమైన గొట్టం'. జర్మనీలో 1928లో 'సినాక్సిడ్' అనే రంజకం వచ్చింది. క్రమంగా తక్కిన సంస్థలన్నీ అదే దారి పట్టాయి. నేటి .22 తూటాలలో ఆ ఉప్పు లేదు. సీసపు గుండుకు పూసే మైనపు పదార్థం గొట్టం లోపల పలచని పొరగా నిలిచి, దానికి కొంత రక్షణే ఇస్తుంది. అతిగా తోమిన గొట్టం మళ్ళీ కుదురుగా గురికి రావడానికి కొన్ని గుండ్లు కాల్చవలసి రావడం పోటీదారులు ఎరిగినదే.

ఉప్పు పోయింది గాని ఉపదేశం పోలేదు. మన దేశానికి అది బ్రిటిష్ సైన్యం ద్వారా వచ్చింది. వారి లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు మడమలో ఒక చిన్న అర ఉండేది. అందులో నూనెబుడ్డి, బరువు కట్టిన తాడు ఉండేవి. ఆ తాడుకు 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ఉన్న గుడ్డముక్క తగిలించి గొట్టంగుండా లాగేవారు. స్వాతంత్ర్యానంతరం 1948లో ఏర్పడిన ఎన్.సి.సి. ఈ పద్ధతినే అందుకుంది. గుడ్డముక్కకు 'చిందీ', తాడుకు 'పుల్‌త్రూ' అని పేర్లు. ఉన్నత పాఠశాలల్లో పనిచేసిన నావంటివారికి, పిల్లలు వరుసగా కూర్చుని చిందీ లాగుతూ, గొట్టాన్ని వెలుగుకేసి పట్టి చూసే దృశ్యం సుపరిచితం. క్రమశిక్షణ నేర్పడానికి అది మంచిదే. కాని ఆ తాడు వంకరగా లాగితే గొట్టం మూతి అరిగిపోతుంది. గుండు గొట్టాన్ని విడిచే చిట్టచివరి తావు అదే. అక్కడ అరిగితే గురి తప్పుతుంది. తుప్పునుండి కాపాడవలసిన చేయి అరుగుదలకు కారణమైనదన్నమాట.

అయితే కొత్తవాడు ఏమి చేయాలి? మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం .22 రైఫిలుకు కూడా లైసెన్సు తప్పనిసరి. కనుక మొదటి సామగ్రి ఆ కాగితమే. తరువాతివి కంటి అద్దాలు, చెవి కప్పులు. అంచు తూటా ఇత్తడి పలుచన. ఎప్పుడైనా చిట్లితే వేడిగాలి వెనక్కు తన్నుతుంది. అంచంతటా రంజకం సమంగా పరుచుకోకపోతే తూటా పేలకపోవచ్చు. అప్పుడు తొందరపడి తెరవక, గొట్టాన్ని గురివైపే ఉంచి కనీసం 30 సెకండ్లు ఆగాలి. శుభ్రం చేయడానికి పూనుకునే ముందు తూటాలపెట్టె తీసి, బోల్టు తెరిచి, లోపల తూటా లేదని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి. తూటా కూర్చునే గది, బోల్టు ముఖం, గుల్లను లాగే కొక్కెం, వీటి దగ్గర మైనమూ కాలని మందూ పేరుకుంటాయి. నిజంగా తరచు తుడవవలసినవి ఇవే. గొట్టానికి ఒకటే ముక్కగా ఉన్న కడ్డీ, పలుచని గుడ్డముక్కలు, వీలైనప్పుడల్లా వెనుకవైపునుండే. గురి చెదిరినప్పుడు, తడిసినప్పుడు, చాలాకాలం దాచేముందు తుడిస్తే చాలు. పైభాగపు ఉక్కుకు మాత్రం చేతి చెమట తగిలిన ప్రతిసారీ నూనెగుడ్డ తప్పదు. మన చెమటలో ఉప్పు ఉంది కదా! చివరగా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గుండులోనూ నేటి రంజకంలోనూ సీసం ఉంది.

మన పెద్దలు చెప్పే తద్దినం పిల్లి కథ అందరికీ తెలిసినదే. అల్లరి చేస్తోందని తండ్రి పిల్లిని బుట్టకింద మూస్తే, కొడుకు తన వంతు వచ్చేసరికి పిల్లిని వెతికి తెప్పించి మరీ మూశాడట. తండ్రి మూర్ఖుడు కాడు, ఆయనకు కారణముంది. 1900 నాటి తుపాకివాడు గొట్టాన్ని వేడినీళ్ళతో కడగకపోతే నష్టపోయేవాడు. ఆ ఆచారం అతనిని కాపాడింది. 1926 తరువాత కారణం మెల్లగా మాయమైంది. బడిలో ముప్ఫై ఏళ్ళకు పైగా సూత్రాలు వల్లెవేయించినవాడిగా నాకు తోచేదొకటే. సూత్రంతోపాటు దాని కారణాన్నీ చెప్పిన గురువు శిష్యుడికి రెండు మేళ్ళు చేసినట్లు. ఆ సూత్రాన్ని ఎప్పుడు పాటించాలో అతనికి తెలుస్తుంది. ఎప్పుడు విడవవచ్చునో కూడా తెలుస్తుంది.